పీచులేని పళ్ళెము

“ఆరోగ్యమే మహాభాగ్యము” అను సూక్తిని గూర్చి వ్యాసము వ్రాయుడని ప్రతి సంవత్సరము పరీక్షలలో అడుగుచునే యున్నాము. మన విద్యార్థులును ఆ వ్యాసమును చక్కగానే వ్రాయుచున్నారు. వేకువనే లేవవలెననియు, వ్యాయామము చేయవలెననియు, పండ్లు, కూరగాయలు తినవలెననియు నాలుగు పుటలు నింపి పది మార్కులకు ఏడో ఎనిమిదో సంపాదించుచున్నారు. ఆ జవాబు పత్రములను దిద్ది, మధ్యాహ్నపు గంట మ్రోగిన పిదప వరండాలోనికి వచ్చి చూచినచో, ఆ వ్యాసము వ్రాసిన చేతులే ఒక మైదా పఫ్‌ను, ఒక తీపి పానీయపు సీసాను పట్టుకొని గేటు వద్ద కనిపించును. తప్పు విద్యార్థులది మాత్రమే కాదు. ఆ వ్యాసమును దిద్దిన మేమును స్టాఫ్ రూములో తెల్లని అన్నమును రెండు చెంచాల కూరతో తిని, వెంటనే టీ త్రాగి సంతృప్తి పడినవారమే.

గత సంవత్సరము జరిగిన ఒక చిన్న సంఘటన మమ్ము ఈ వ్యాసమునకు పురికొల్పినది. దూరపు గ్రామము నుండి దినదినము బస్సులో వచ్చు మొదటి సంవత్సరపు విద్యార్థి ఒకడు తరగతి గదిలో చివరి బల్లపై ఒంటరిగా కూర్చుండి, టిఫిన్ డబ్బా మూతను సగము మాత్రమే తెరచి భోజనము చేయుచుండెను. మేము లోనికి వచ్చుట చూచి చటుక్కున మూత వేసెను. “ఏమి నాయనా, మమ్ము చూచి తినుట మానితివేమి?” అని అడిగితిమి. కొంతసేపు తల వంచుకొని, “జొన్నరొట్టె సార్” అనెను. ఏదో నేరము ఒప్పుకొన్నవాని కంఠస్వరము అది. ఆ డబ్బాలో రెండు జొన్నరొట్టెలు, గోంగూర పప్పు, ఒక ఉల్లిపాయ ఉన్నవి. ఆ దినమున మన కళాశాల ఆవరణలో తినబడిన భోజనములన్నిటిలోను అదియే ఉత్తమమైన భోజనమని మా దృఢ విశ్వాసము. ఉత్తమమైన దానిని తినువాడు సిగ్గుపడుచుండగా, దానికంటె తక్కువైన దానిని తినువారు నలుగురిలో తల ఎత్తుకొని తినుచున్నారు. ఈ విపరీతమును గూర్చియే మేము నాలుగు మాటలు చెప్పదలచినాము.

ఆ డబ్బాలో ఉండి, మా పళ్ళెములో లేని వస్తువు పేరు పీచు పదార్థము. ఉర్దూలో దానినే రేషా అందురు. ధాన్యముల పై పొర, పప్పుల పొట్టు, ఆకుల ఈనెలు, కాయల తొక్క, పండ్ల గుజ్జు మొదలగు వృక్ష సంబంధమైన భాగములలో మన జీర్ణరసములకు లొంగక, చిన్నప్రేగును దాటి పెద్దప్రేగు వరకు చేరునట్టిదే పీచు. మాంసమునందు గాని, చేపలయందు గాని, గ్రుడ్లయందు గాని, పాలయందు గాని ఇది బొత్తిగా లేదు. ఇవి ఇతర విధముల మంచి ఆహారములే. కాని పీచు కావలెనన్నచో చెట్టునో, చేనునో ఆశ్రయింపక తప్పదు.

పీచు స్థూలముగా రెండు విధములు. మెంతులను రాత్రి నీటిలో నానవేసినచో తెల్లవారునప్పటికి నీరు జిగురుగా మారుటను మన తల్లులందరును ఎరుగుదురు. అది నీటిలో కరగు పీచు. బార్లీ, ఓట్స్, పప్పుధాన్యములు, జామ మొదలగు పండ్లు దీనికి ఆలవాలములు. ఈ జిగురు ఆహారములోని చక్కెర రక్తమున చేరు వేగమును తగ్గించును. కాలేయము తయారుచేయు పైత్యరస ఆమ్లములను పట్టి వెలుపలికి కొనిపోవును. వాటిని మరల తయారుచేయుటకు శరీరము కొలెస్టరాలును వినియోగింపవలసి వచ్చును గనుక రక్తములో కొలెస్టరాలు కొంత తగ్గును. రెండవది నీటిలో కరగని పీచు. గోధుమ పొట్టు, జొన్నల పై పొర, తోటకూర కాడలు ఇందుకు ఉదాహరణములు. ఇది నీటిని పీల్చుకొని మలమునకు పరిమాణమును, మెత్తదనమును ఇచ్చి, ప్రేగులలో త్వరగా కదలునట్లు చేయును. మన ఇండ్లలో పెద్దలు మలబద్ధకమునకు వాడు ఇస్పగోల పొట్టు కూడ పీచే. పారసీకమున ‘అస్ప్’ అనగా గుఱ్ఱము, ‘గోల్’ అనగా చెవి. ఆ గింజ గుఱ్ఱపు చెవి ఆకారమున ఉండుటచే ఆ పేరు వచ్చినది. మనము మందుల దుకాణములో డబ్బు పెట్టి కొనుచున్న ఆ పొట్టు చేయు పనిలో చాల భాగమును ఒకప్పుడు మన వంటిల్లే చేసెడిది.

జీర్ణము కాని వస్తువుతో ప్రయోజనమేమని ఎవరికైన సందేహము కలుగవచ్చును. శాస్త్రజ్ఞులు కూడ చాలకాలము దీనిని వట్టి చెత్తగానే భావించినారు. ‘ఆహారపు పీచు’ అను అర్థము గల ఆంగ్ల పదము 1953లో హిప్‌స్లీ అను వైద్యుని వ్యాసము ద్వారా వాడుకలోనికి వచ్చినది. దానిని లోకమున ప్రచారము చేసినవాడు డెనిస్ బర్కిట్ అను శస్త్రవైద్యుడు. ఈయన ఆఫ్రికాలోని ఉగాండా దేశమున అనేక సంవత్సరములు పనిచేసినాడు. తన స్వదేశపు ఆసుపత్రులలో నిత్యము కనిపించు మలబద్ధకము, మొలలు, పెద్దప్రేగు క్యాన్సరు వంటి వ్యాధులు అచటి గ్రామీణులలో బహు అరుదుగా ఉండుట గమనించి, వారు తిను పొట్టుతీయని ధాన్యములు, దుంపలు, పప్పులు ఇందుకు కారణము కావచ్చునని 1970 ప్రాంతమున ప్రతిపాదించినాడు. ఆయన సహచరుడు ట్రోవెల్ కూడ ఇదే మార్గమున కృషి చేసినాడు. వారు చెప్పినదంతయు యథాతథముగా నిలువలేదు. కాని మూల భావము నిలిచినది. 2019లో లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రచురింపబడిన విస్తృత పరిశీలన 185 దీర్ఘకాలిక అధ్యయనములను, 58 వైద్య ప్రయోగములను కలిపి చూచినది. పీచు ఎక్కువగా తినువారిలో, తక్కువ తినువారితో పోల్చినప్పుడు, గుండెజబ్బు, పక్షవాతము, మధుమేహము, పెద్దప్రేగు క్యాన్సరు వచ్చుటయు, అకాల మరణములును నూటికి 15 నుండి 30 వరకు తక్కువగా ఉన్నట్లు అది తేల్చినది. దినమునకు 25 నుండి 29 గ్రాముల పీచు తినువారిలో ఈ ప్రయోజనము స్పష్టముగా కనిపించినది.

దీనికి మరియొక కారణము కూడ ఇటీవలి కాలమున బాగుగా తెలియవచ్చినది. మన పెద్దప్రేగులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు నివసించుచున్నవి. మనకు జీర్ణము కాని పీచులో కొంత భాగము వాటికి ఆహారము. అవి దానిని పులియబెట్టి బ్యూటిరిక్ ఆమ్లము మొదలగు వానిని తయారుచేయును. పెద్దప్రేగు గోడలోని కణములకు ఆ ఆమ్లమే ముఖ్యమైన ఇంధనము. మనము పీచు తిననప్పుడు ఆకలితో ఉండునది మనము కాదు, మనకు సేవచేయు ఆ జీవులు. యజమాని కడుపు నిండి, పనివారు పస్తులున్న ఇల్లు ఎంతకాలము సవ్యముగా నడచును?

ఇక లెక్కలోనికి వత్తము. ఈ విషయమున మనకు పరాయి దేశపు పట్టికలు అక్కరలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో భారతీయ ఆహారముల పోషక విలువలను ప్రచురించినది. ఆ పట్టికల ప్రకారము 100 గ్రాముల తెల్లని బియ్యములో సుమారు 2.8 గ్రాముల పీచు కలదు. మైదాలో కూడ దాదాపు అంతే. జొన్నలలో సుమారు 10, రాగులలో 11, సజ్జలలో 11.5, పొట్టు తీయని గోధుమపిండిలో 11 గ్రాములకు పైగా కలదు. పొట్టుతో కూడిన పెసలలో 17 గ్రాములుండగా, పొట్టు తీసిన పెసరపప్పులో 9 మాత్రమే. శనగపప్పులో 15, జామపండులో 8.5 గ్రాముల వరకు ఉండును. మనము చిన్నచూపు చూచు జామకాయ, బరువుకు బరువు, తెల్లని బియ్యమునకు మూడు రెట్ల పీచును ఇచ్చుచున్నదన్నమాట.

ఇదే సంస్థ 2020లో చేసిన సిఫారసు ప్రకారము ప్రతి 1000 కేలరీల ఆహారమునకు 15 గ్రాముల పీచు ఉండవలెను. అనగా 2000 కేలరీలు తినువానికి దినమునకు 30 గ్రాములు. మన హాస్టలు విద్యార్థి ఒకడు దినమునకు 300 గ్రాముల బియ్యము, 30 గ్రాముల కందిపప్పు, 100 గ్రాముల బెండకాయ కూర తినుచున్నాడనుకొందము. అతనికి లభించు పీచు 15 గ్రాములు. కావలసిన దానిలో సగము! అదే విద్యార్థి బియ్యములో సగము తగ్గించి 150 గ్రాముల జొన్నపిండి రొట్టెలు తిని, బెండకాయకు బదులు అంతే తోటకూర, దానితో గుప్పెడు పెసలు, ఒక జామకాయ చేర్చుకొన్నచో మొత్తము 40 గ్రాములకు చేరువగును. ఇందుకు విదేశపు డబ్బాలు గాని, పొడులు గాని అవసరము లేదు. సంతలో దొరకు వస్తువులే చాలును.

ఇంత సులభమైనది మన పళ్ళెము నుండి ఎట్లు తొలగిపోయినది? ఈ ప్రశ్నకు సమాధానము మా ఇంటి కథలోనే కలదు. మా దాదీ కర్నూలు జిల్లాలోని ఒక నల్లరేగడి గ్రామమున జీవించినది. ఆమె ఇంట తిరగలి ఉండెడిది. జొన్నలు, కొర్రలు ఆ ఇంటి ధాన్యములు. మరిగిన నీటితో పిండి కలిపి, పీటపై అరచేతితో తట్టి, పెనముపై వేసి, తడిగుడ్డతో పైన అద్ది ఆమె చేయు రొట్టె సువాసన వీధి మొగలోనికి వచ్చెడిది. వరి అన్నము రంజాను, బక్రీదు పండుగలనాటి మాట, లేదా వివాహముల నాటి మాట. మా తండ్రిగారు చదువుకొని, పట్టణమున చిన్న ఉద్యోగము సంపాదించి, తమ మొదటి జీతముతో ఒక బస్తా సన్నబియ్యము కొని ఇంటికి తెచ్చిరట. “రొట్టె తట్టి తట్టి అమ్మ చేతులు కాలినవి, ఇక చాలు” అనుట వారి ఉద్దేశము. ఆ ప్రేమను మేము తప్పుపట్టజాలము. కాని ఆనాటి నుండి మా ఇంట జొన్నలు బీదరికమునకు గుర్తు, తెల్లని అన్నము గౌరవమునకు గుర్తు అయినవి. అతిథులు వచ్చినప్పుడు రొట్టెల బుట్టను వంటింటిలో దాచుట మా చిన్నతనమున మేము కన్నులార చూచినాము. ఆ విద్యార్థి డబ్బా మూత వేసినప్పుడు మాకు ఆ బుట్టయే జ్ఞప్తికి వచ్చినది.

మా ఇంటి కథయే కొన్ని లక్షల ఇండ్ల కథ. కాలువల క్రింద వరి సాగు విస్తరించినది. ఊరూర మిల్లులు వెలసి, దంపుడు బియ్యమును మరపించినవి. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యము ఇచ్చు పథకమును ఆరంభించినది. ఆ పథకము ఎందరో నిరుపేదల ఆకలి తీర్చినది. దానిని నిందించుట కృతఘ్నత. అయితే చౌకగా లభించిన ధాన్యము తెల్లని బియ్యమే యగుటచే, మెట్టభూముల ధాన్యములు క్రమముగా పళ్ళెము నుండి జారిపోయినవి. మిల్లులో బియ్యమునకు పాలిషు పట్టగా రాలిన తవుడు ఎవరికి పోయినది? గేదెలకు. పీచు, విటమినులు గల పొరను పశువులకు పెట్టి, మిగిలిన తెలుపును మన మర్యాదకు చిహ్నముగా ఉంచుకొన్నాము.

పాలిషు బియ్యము చేయు కీడు ఈనాడు క్రొత్తగా కనుగొన్నది కాదు. పైన పేర్కొన్న జాతీయ పోషకాహార సంస్థ పుట్టుకయే దీనికి సాక్ష్యము. 1918లో దక్షిణాదిన కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఆధ్వర్యమున బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకు స్థాపింపబడిన చిన్న విభాగమే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో నేటి పేరును పొందినది. బెరిబెరి, బాగుగా పాలిషు పట్టిన బియ్యమునే ప్రధానముగా తినువారికి వచ్చు వ్యాధి. తవుడుతోపాటు పోవు థయమిన్ అను విటమిను లోపమే దానికి కారణము. ఒకప్పుడు మన ఆంధ్ర తీర ప్రాంతమున అది ప్రబలముగా ఉండెను. ఆ వ్యాధి నేడు అరుదైనది. కాని దాని స్థానమున వేరొకటి వచ్చి కూర్చున్నది. 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనము మన దేశమున మధుమేహము గలవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది యని అంచనా వేసినది. ఆ అంచున నిలిచినవారు మరి 13 కోట్లకు పైగా ఉన్నారట.

ఆ సంఖ్యలో మా తండ్రిగారు కూడ ఒకరు. ఏబదవ ఏట వారికి మధుమేహము బయటపడినది. కొంతకాలమునకు కాలికి తగిలిన చిన్న దెబ్బ పుండై, ఒక వ్రేలిని తీసివేయవలసి వచ్చినది. దానికి తెల్లని అన్నమొకటే కారణమని మేము చెప్పుట లేదు. వంశపారంపర్యము, నడక లేని ఉద్యోగము, నిర్లక్ష్యము అన్నియు కలిసి చేసిన పని అది. ఆసుపత్రి నుండి వచ్చునప్పుడు వైద్యుడు ఒక చీటీపై జొన్నరొట్టె, ఆకుకూరలు, పొట్టుపప్పులు అని వ్రాసి ఇచ్చెను. మా తండ్రిగారు ఆ చీటీని చాలసేపు చూచి, “మా అమ్మ ఊరికే పెట్టినదానిని ఫీజు ఇచ్చి తెలుసుకొన్నాను” అని నవ్విరి. ఆ నవ్వు మాకు ఏడ్పుకంటె ఎక్కువగా గుర్తున్నది. ఇరువది ఏండ్ల వయసున తెలిసికొనదగిన దానిని అరువది ఏండ్ల వయసున తెలిసికొనరాదని మన విద్యార్థులకు చెప్పుటయే మా కోరిక.

ఇందుకు కొన్ని ఆక్షేపణలు రాగలవు. మొదటిది ధర. చౌక దుకాణపు బియ్యముతో పోల్చినచో నేడు జొన్నలు, కొర్రలు ఖరీదైనవే. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ చిరుధాన్యముల సంవత్సరముగా పాటించిన పిదప పెద్ద అంగళ్ళలో వాటికి అందమైన పొట్లములును, అంతకు తగిన ధరలును వచ్చినవి. బీదవాని రొట్టె ధనికుని విలాసమగుట కాలమహిమ. కాని పీచు చిరుధాన్యములలో మాత్రమే లేదు. గుప్పెడు శనగ గుగ్గిళ్ళు, అలసందలు, ఒక కట్ట తోటకూర, ఒక జామకాయ, ఇవి పఫ్, తీపి పానీయము కంటె ఖరీదైనవి కావు.

రెండవది రుచి, సంప్రదాయము. “బిర్యానీ మానుమనుచున్నారా?” అని ఒక మిత్రుడు మమ్ము నిలదీసినాడు. అట్టి సాహసము మేము చేయము! పండుగనాటి బిర్యానీ పండుగనాడు ఉండవలసినదే. కాని మన వంటలలోనే పీచు గల పదార్థములు ఎన్ని లేవు? బగారా అన్నముతో వడ్డించు దాల్చాలో శనగపప్పును, సొరకాయయును కలవు. మనము అన్నమును కుప్పగా పోసి దాల్చాను గరిటెడు వేసికొనుచున్నాము. ఆ పాళ్ళను కొంచెము మార్చినచో చాలును. హలీములో గోధుమలు, పప్పులు చేరుచున్నవి. ఇఫ్తారు వేళ మన ముందుండు ఖర్జూరము, శనగలు, పండ్ల ముక్కలు మంచి ఆహారము. వాటిని రెండేసి నోట వేసికొని, మైదా సమోసాలపై చేయి నిలుపుట మన అలవాటు. సంప్రదాయము మనకు మంచిదే ఇచ్చినది. మనమే అందులో ఏరుకొని తినుచున్నాము.

మూడవ ఆక్షేపణ అనుభవము గలవారిది. “ఒక వారము పీచు తిన్నాము, కడుపు ఉబ్బినది” అందురు. నిజమే. అలవాటు లేని కడుపునకు ఒక్కసారిగా ఎక్కువ పీచు ఇచ్చినచో వాయువు, ఉబ్బరము కలుగును. రెండు మూడు వారములలో కొద్దికొద్దిగా పెంచవలెను. నీరు బాగుగా త్రాగవలెను. పప్పులను నానబెట్టి వండవలెను. ప్రేగు వ్యాధులు, మూత్రపిండముల వ్యాధులు గలవారు వైద్యుని అడిగియే మార్పులు చేసికొనవలెను. మధుమేహపు మాత్రలు వాడువారు జొన్నరొట్టెను నమ్మి మాత్రలు మానరాదు. మరియొక మాట. పొట్టులో ఉండు ఫైటేట్ అను పదార్థము ఆహారములోని ఇనుమును కొంత బంధించును. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదు గనుక ఇది ముఖ్యముగా విద్యార్థినులు గమనింపదగినది. గింజలను నానబెట్టి మొలకెత్తించి తినుట, భోజనముతో నిమ్మరసమో ఉసిరికాయయో చేర్చుకొనుట, భోజనము చేసిన వెంటనే టీ త్రాగకుండుట ఇందుకు మార్గములు.

నీటిని గూర్చి పైన ఒక మాట అంటిమి. దానిని అంతటితో విడిచిపెట్టుటకు మనసొప్పుట లేదు. నీరు లేని పీచు మేలునకు బదులు కీడు చేయును. మన విద్యార్థినులలో అనేకులు ఉదయము ఎనిమిది గంటలకు ఇల్లు విడిచి సాయంకాలము ఐదు గంటలకు గాని తిరిగి చేరుట లేదు. ఆ తొమ్మిది గంటలలో వారు నీరు త్రాగుట చాల తక్కువ. కారణమేమని తోటి అధ్యాపకురాలి ద్వారా విచారించినాము. వారి సంఖ్యకు సరిపడు మరుగుదొడ్లు లేవు, ఉన్నవి శుభ్రముగా లేవు. అందుచే వారు దాహమును అణచుకొనుచున్నారు. మలబద్ధకము, మూత్ర సంబంధమైన బాధలు వారిలో కలుగుచున్నవనిన ఆశ్చర్యమేమి? ఇట్టి స్థితిలో “పీచు తినుడు, నీరు త్రాగుడు” అని వేదికపై నుండి ఉపన్యసించుట హాస్యాస్పదము. ఆరోగ్యము పళ్ళెములో మాత్రమే లేదు, మరుగుదొడ్డి తలుపు గడియలో కూడ కలదు.

కావున కళాశాల కమిటీ పెద్దలకు సవినయముగా కొన్ని విన్నపములు చేయుచున్నాము. మొదటిది, ఇతర భవనముల కంటె ముందుగా విద్యార్థినుల మరుగుదొడ్లను పెంచి, వాటి శుభ్రతకు ఒక మనిషిని నియమించి, ప్రతి అంతస్తునందు త్రాగునీటి వసతి కల్పింపవలెను. రెండవది, హాస్టలు భోజనమున వారమునకు రెండు దినములైన రాత్రివేళ జొన్నరొట్టెయో, రాగిసంకటియో పెట్టింపవలెను. ఉదయమున పూరీకి బదులు కొన్ని దినములు పొట్టు పెసలతో చేసిన పెసరట్టు వడ్డించినచో విద్యార్థులు అలుగుటకు బదులు సంతసింతురు. మూడవది, క్యాంటీను కౌలు పత్రమున అద్దె మొత్తమును మాత్రమే గాక, గుగ్గిళ్ళు, పండ్లు తప్పక అమ్మవలెనను షరతును కూడ చేర్పవలెను. గేటు వెలుపల ఎండలో బుట్ట పెట్టుకొని జామకాయలు, దోసకాయలు అమ్ముకొను వృద్ధురాలికి ఆవరణలోని వేపచెట్టు నీడలో చోటిచ్చినచో ఆమెకును మేలు, మనకును మేలు. ఇందులో మొదటిది తప్ప మిగిలినవేవియు పెద్ద వ్యయముతో కూడినవి కావు. ఆ మొదటిది వ్యయముతో కూడినను వాయిదా వేయదగినది కాదు.

విద్యార్థులకు మేము చెప్పునది ఒక్కటే. మీలో చాలమంది తల్లిదండ్రులు ఎన్నో కష్టములకోర్చి మిమ్ము చదివించుచున్నారు. పట్టణపు అలవాట్లను నేర్చుకొనుటయే చదువు కాదు. మన పూర్వులు తినినదంతయు అమృతమని చెప్పువారి మాట నమ్మనక్కరలేదు. వారికి ఆకలియు ఉండెను, కరవులును ఉండెను. కాని వారి పళ్ళెమున ఉన్న మంచిని, శాస్త్రము పరీక్షించి మంచిదని తేల్చిన దానిని, కేవలము సిగ్గుచే పారవేయుట వివేకము కాదు.

ఆ విద్యార్థి కథకు ముగింపు కూడ చెప్పవలెను. ఆనాడు మేము అతని బల్లపైననే కూర్చుండి, మా డబ్బాను అతని ముందుంచి, “ఒక రొట్టె మాకు పెట్టుము, మా అన్నములో సగము నీవు తీసికొనుము” అంటిమి. అతడు మొదట నమ్మలేదు. పిదప రొట్టెను రెండుగా విరచి, గోంగూర పప్పు వేసి మా చేతికిచ్చెను. ఆ రొట్టెలో మా దాదీ చేతి రుచి కొంత కనిపించినది. మరునాటి నుండి అతడు డబ్బా మూతను పూర్తిగా తెరచియే తినుచున్నాడు. అతని ప్రక్క బల్లపై ఇప్పుడు మరి ఇద్దరు కూర్చుండుచున్నారు. ఆ బల్ల హాస్టలు భోజనశాల అంత పొడవు కావలెనని ఆశించుచు, ఈ సంచిక మరల వెలువడునప్పటికి పై విన్నపములలో కొన్నియైన నెరవేరునని విశ్వసించుచున్నాము.